పట్టణమును చూచుటా, పాఠమును ఋజువు చేయుటా?

ఇంగ్లండులో వేసవి వచ్చినదనగా, ఏ మోస్తరు పట్టణపు పెద్దబజారుకు వెళ్ళినను ఒక దృశ్యము కనబడును. అట్టకు కాగితములు బిగించుకొని పదునైదు, పదునారేండ్ల బాలబాలికలు ఇద్దరిద్దరుగా వీథి మూలలలో నిలిచియుందురు. ఒకరు గడియారము చూచుచుండగా రెండవవారు దారిన పోవువారిని ఐదేసి గీతల కట్టలుగా లెక్కవేయుచుందురు. మరియొక జత అంగళ్ళ పేర్లు వరుసగా వ్రాసికొనుచుండును. ఇంకొక జత, సంచి మోసికొనిపోవుచున్న ఒక ముసలమ్మను మర్యాదగా ఆపి, ఎంత దూరమునుండి వచ్చినదో, వారమునకు ఎన్నిసార్లు వచ్చునో అడుగుచుండును. ఇది భూగోళశాస్త్ర విద్యార్థుల క్షేత్ర పరిశీలనము.

ఇది వేడుకకు చేయు పని కాదు. 2016లో అక్కడ అమలులోనికి వచ్చిన పాఠ్యప్రణాళిక ప్రకారము పదునారేండ్ల వయస్సున వ్రాయు పరీక్షకు పోవు విద్యార్థి, ఒకదానికొకటి భిన్నమైన రెండు తావులలో క్షేత్ర పరిశీలనము చేసి తీరవలెను. ఆ పైతరగతిలో కనీసము నాలుగు దినములు బయట పనిచేయవలెను. తానై ఒక ప్రశ్నను ఎన్నుకొని, పరిశోధించి, మూడు నాలుగు వేల మాటలలో నివేదిక వ్రాయవలెను. మొత్తము మార్కులలో నూటికి ఇరువది దీనికే. కొండలు, నదులు, సముద్రతీరములు ఒక వైపు. పట్టణములు, అంగళ్ళు, పర్యాటక స్థలములు మరియొక వైపు. మొదటి వైపు సంగతి ఇక్కడ అప్రస్తుతము. నది లోతును కొలుచునపుడు నది సిగ్గుపడదు, అబద్ధమాడదు. చిక్కంతయు రెండవ వైపుననే ఉన్నది.

బడిపిల్లలను తరగతి గది వెలుపలికి తీసికొనిపోయి, కొలుచుటయు, అడుగుటయు నేర్పు దేశము మెచ్చుకొనదగినదే. కాని ఆ నివేదికలను పదింటిని వరుసగా చదివినచో ఒక విచిత్రము తోచును. ఊళ్ళు వేరు, పిల్లలు వేరు, సంవత్సరములు వేరు. తేలిన సంగతి మాత్రము ఒకటే. పట్టణ కేంద్రమునుండి దూరము పెరిగినకొలది పాదచారుల సంఖ్య తగ్గును. కేంద్రములో భవనములు ఎత్తు. పర్యాటకుల వలన చెత్త పెరుగును, వ్యాపారము కూడ పెరుగును. ఇవి అబద్ధములు కావు. అయితే ఇవి బయలుదేరుటకు ముందే పాఠ్యపుస్తకములో ఉన్నవి. బస్సు ఖర్చు పెట్టుకొని ఊరికి వెళ్ళినది వాటికి ముద్ర వేయించుకొనుటకేనా?

బ్రిటన్‌లో ఈ పని ఇట్లు మొదలు కాలేదు. స్కాట్లండ్ దేశీయుడు పాట్రిక్ గెడ్డిస్ 1892లో ఎడిన్‌బరోలో ఒక పాత మేడను సంపాదించి దానిని 'అవుట్‌లుక్ టవర్' అను ప్రదర్శనశాలగా మార్చెను. చూడవచ్చినవారు మొదట పైకెక్కి, చీకటిగదిలోని బల్లమీద పడు నగరపు సజీవ ప్రతిబింబమును చూచెడివారు. తరువాత ఒక్కొక్క అంతస్తే దిగుచు నగరము, దేశము, ఐరోపా, ప్రపంచము అను వరుసలో తెలిసికొనెడివారు. ముందు కన్ను, ఆ తరువాతనే పటము. రోగమును గుర్తించక మందిచ్చుట ఎంత తప్పో, ఊరిని పరిశీలింపక ఊరికి ప్రణాళిక వేయుట అంత తప్పని ఆయన వాదము. ఈయన 1914లో మన దేశమునకును వచ్చి, నాటి మద్రాసు రాజధానిలోని పట్టణములను కాలినడకన తిరిగి చూచి నివేదికలు వ్రాసెను. మద్రాసు నగరముపై గుండ్లు కురిపించిన ఎమ్‌డెన్ నౌక పేరు తెలుగువారికి తెలిసినదే. గెడ్డిస్ ప్రదర్శన పటములను తెచ్చుచున్న ఓడను నడిసముద్రములో ముంచినది కూడ ఆ నౌకయే. మిత్రులు మరల పటములను సమకూర్చగా, 1915లో మద్రాసులో ప్రదర్శన జరిగినది.

పిల్లల చేతి పెన్సిలుకు నిజమైన పని కల్పించిన వాడు మాత్రము డడ్లీ స్టాంప్. లండనుకు రాకముందు ఈయన 1923 మొదలు మూడేండ్లు రంగూన్ విశ్వవిద్యాలయములో ఆచార్యుడు. తెలుగు కూలీలు వేలకొలదిగా పనిచేయుచుండిన రంగూనే అది. 1930లో ఆయన బ్రిటన్ భూవినియోగ పరిశీలనమునకు పూనుకొనెను. మైలుకు ఆరంగుళముల కొలతగల పటములను బడులకు, కళాశాలలకు పంచెను. ఉపాధ్యాయులు, పిల్లలు తమ తమ గ్రామములలో పొలము పొలమునకు తిరిగి దున్నిన నేలకు ఒక అక్షరము, పచ్చికబయలుకు ఒకటి, అడవికి ఒకటి, బీడుకు ఒకటి చొప్పున గుర్తులు వేసిరి. వేలకొలది పిల్లల చేతిమీదుగా దేశమంతటి పటము తయారైనది. రెండవ ప్రపంచయుద్ధములో ఓడలు మునిగి తిండిగింజలు రాక, ఏ పచ్చికబయలును దున్ని పంట వేయవచ్చునో తేల్చవలసి వచ్చినపుడు ప్రభుత్వమునకు ఈ పటములు అక్కరకు వచ్చినవి.

అచ్చట సిద్ధాంతము లేదు. ఒక తెలియని సంగతి ఉన్నది. దానిని తెలిసికొనుటకు పిల్లలను పంపిరి. ఇంతే భేదము. కాని చాల పెద్ద భేదము.

మార్పు 1960ల తరువాత వచ్చినది. రిచర్డ్ చోర్లీ, పీటర్ హాగెట్ అను కేంబ్రిడ్జి భూగోళశాస్త్రవేత్తలు 1963లో మేడింగ్లీ హాల్‌లో ఉపాధ్యాయులకు ఉపన్యాసములు ఏర్పాటు చేసిరి. అంతవరకు బడులలో భూగోళమనగా అగ్రములు, అఖాతములు, రాజధానులు, ఎగుమతులు వల్లెవేయుటయే. దానిని వదలి, సిద్ధాంతమును ముందుంచుకొని, ఒక ఊహను వేసికొని, అంకెలతో పరీక్షింపుడని వారు చెప్పిరి. ఇది గొప్ప సంస్కారమే. వల్లెవేయుటకంటె పరీక్షించుట వేయిరెట్లు మేలు. అయితే, పరీక్ష అనగా ఊహ తప్పిపోవుటకు కూడ అవకాశముండవలెను. మార్కుల భయము వచ్చి చేరగానే బడులలో ఆ అవకాశము సన్నగిలినది. తప్పని తేలిన ఊహను 'మా కొలతలలో పొరపాటు జరిగియుండును' అని సరిపెట్టు వాక్యము ప్రతి నివేదిక చివరను సిద్ధముగా ఉండును.

పట్టణముల సంగతి చూడవచ్చును. అందరి కాగితములమీదను ముందుగా కనబడునది ఎర్నెస్ట్ బర్జెస్ 1925లో షికాగో నగరమును చూచి గీసిన ఐదు వలయములు. నడుమ వ్యాపారమండలము, చుట్టును మారుచున్న పాతపేటలు, ఆపైన కార్మికుల ఇండ్లు, ఆపైన మంచి ఇండ్లు, చివరను దినమును నగరమునకు వచ్చిపోవువారి పల్లెలు. విద్యార్థులు ఊరి నడుమనుండి అంచువరకు ఒక సరళరేఖ గీసికొని, దానివెంట నడచి, వలయములను వెదకుదురు. షికాగోలోనే ఈ వలయములు పూర్తిగా లేవను సంగతి వారికి ఎవరును చెప్పరు. ఆ నగరమునకు తూర్పున మిషిగన్ సరస్సున్నది; వలయము సగము నీటిలోనే!

అంతకంటె ముఖ్యమైనది మరియొకటి కలదు. బర్జెస్ చూచిన షికాగోకు వలస వచ్చినవారు వరదవలె వచ్చిరి. నేలధర ఎటు తోసిన అటు ఊరు పెరిగినది. బ్రిటన్‌లో 1947 నాటి పట్టణ, గ్రామ ప్రణాళికా చట్టము వచ్చిన పిదప అనుమతి లేనిదే ఎవరును ఇల్లు కట్టరాదు. 1955 తరువాత పెద్ద నగరముల చుట్టును 'హరితవలయము' గీసి, అందులో కట్టడములను బిగపట్టిరి. పేదలకు పురపాలక సంఘములు కట్టించిన ఇండ్లు ఊరి అంచులకు పోయినవి. మాంచెస్టర్‌లోని విథెన్‌షా, లివర్‌పూల్ దగ్గరి కర్క్‌బీ ఇట్టివే. బర్జెస్ లెక్కను ధనికులుండవలసిన చోట అక్కడ కార్మికులున్నారు. ఇటు లండను రేవులు మూతపడిన తరువాత, 1980లు, 1990లలో ఆ పాత గిడ్డంగుల నడుమనే బ్యాంకుల ఆకాశహర్మ్యములు లేచినవి. ఈ ఊళ్ళలో నడచిన విద్యార్థికి వలయములు కనబడకపోవుటే న్యాయము. కనబడలేదని వ్రాసి, ఎందుకు కనబడలేదో పురపాలక సంఘపు పాత కాగితములలో వెదకినవాడు నిజముగా భూగోళశాస్త్రము నేర్చినవాడు. 'మా పట్టణము బర్జెస్ సిద్ధాంతమునకు కొంతవరకు సరిపోవుచున్నది' అని వ్రాయువారే ఎక్కువ. ఆ 'కొంతవరకు' అను మాటలో ఊరంతయు మునిగిపోవును.

ఇక అంగళ్ళు. ఇక్కడ పని మరింత ఆసక్తికరమైనది, పొరపాట్లును అంతే.

పాదచారుల లెక్కను తీసికొందము. వీథి పొడవునను నూరేసి మీటర్లకొక జత నిలిచి పదేసి నిమిషములు లెక్కింతురు. బస్సు అరగంటకొకటి వచ్చు వీథి అనుకొన్నచో, ఆ పది నిమిషములలో బస్సు వచ్చినచో ఒక సంఖ్య, రానిచో వేరొక సంఖ్య. దీనికి విరుగుడు సులభము, పలుమార్లు లెక్కించుటయే. రెండవ దోషము సూక్ష్మమైనది. పది స్థానముల లెక్కలను దూరముతో పోల్చి, స్పియర్‌మన్ కోటి సహసంబంధ గుణకమును కట్టుదురు. పది జతల అంకెలకు గుణకము 0.648 దాటినచో అది కాకతాళీయము కాదని పట్టిక చెప్పును. పిల్లలు సంతోషింతురు. కాని ఆ పట్టికకు ఒక షరతు ఉన్నది. పది కొలతలును ఒకదానితో నొకటి సంబంధము లేనివై యుండవలెను. ఒకే వీథిలో ఒక మూల లెక్కకు వచ్చిన మనిషే రెండు నిమిషములలో తరువాతి మూలకు చేరి మరల లెక్కకెక్కును! పదిమంది సాక్షులని పిలిచినది నిజమునకు ఇద్దరు ముగ్గురు సాక్షులను. గణితము చక్కగా చేసి, గణితపు షరతును మరచుట ఈ నివేదికల సామాన్య లక్షణము.

అంగడికి ఎంత దూరమునుండి జనము వత్తురు అను ప్రశ్నకు విద్యార్థులు రైలీ సూత్రమును వాడుదురు. విలియం రైలీ అను అమెరికన్ 1931లో, న్యూటన్ ఆకర్షణ సూత్రము పోకడనే, పట్టణము జనసంఖ్య హెచ్చినకొలది కొనుగోలుదారులను లాగుననియు, దూరపు వర్గము హెచ్చినకొలది ఆ లాగుడు తగ్గుననియు ప్రతిపాదించెను. దీనినుండి రెండు పట్టణముల నడుమ సరిహద్దు ఎక్కడ పడునో కట్టవచ్చును. 90,000 జనముగల పట్టణము, 10,000 జనముగల పట్టణము 30 కిలోమీటర్ల దూరములో ఉన్నవనుకొందము. జనసంఖ్యల నిష్పత్తి 9. దాని వర్గమూలము 3. దానికి ఒకటి కలిపిన 4. ముప్పదిని నాలుగుచే భాగించిన ఏడున్నర. అనగా చిన్న పట్టణమునుండి ఏడున్నర కిలోమీటర్లవరకే దాని పలుకుబడి; ఆపైనున్నవారందరు పెద్ద పట్టణమునకే పోవుదురు. లెక్క అందముగానే ఉన్నది.

ఇప్పుడు ఈ సూత్రమును కెంటు మండలములోని బ్లూవాటర్ వద్దకు తీసికొనిపోవలెను. సిమెంటు కొరకు సుద్దరాయి త్రవ్వి విడిచిన పెద్ద గోతిలో 1999లో తెరచిన అంగళ్ళ సముదాయమిది. చుట్టును తెల్లని రాతిగోడలు, నడుమ మూడువైపుల అంగళ్ళ బారులు, వేలకొలది కార్లు నిలుపు స్థలము. దాని జనసంఖ్య ఎంత? అచ్చట ఎవరును కాపురముండరు. జనసంఖ్య సున్న కనుక సూత్రము ప్రకారము దాని ఆకర్షణయు సున్న! లండను అంచులనుండి జనము అక్కడికి విరగబడి వచ్చుచుండగా కాగితముమీద ఒక్కరును రాకూడదు. జనసంఖ్య స్థానములో అంగళ్ళ వైశాల్యమును, దూరము స్థానములో ప్రయాణకాలమును పెట్టవలెనని డేవిడ్ హఫ్ 1963లోనే చెప్పియున్నాడు. ఇట్టి చోట సూత్రము తప్పిపోవుటయే పాఠము. దురదృష్టవశమున, తప్పిపోవు చోట్లకు పిల్లలను తీసికొనిపోవుట తక్కువ.

దానికి ఒక లౌకిక కారణము కూడ ఉన్నది. బజారు వీథి అందరిది. అచ్చట నిలిచి లెక్కించుటకు ఎవరి అనుమతియు అక్కరలేదు. గాజుకప్పు క్రిందనున్న అంగళ్ళ సముదాయము ఒక యజమాని సొత్తు. అట్టలు పట్టుకొని నిలిచిన పిల్లలను కావలివాడు ముందే ఇచ్చిన అనుమతిపత్రము అడుగును. వీథివలె కనబడునదంతయు వీథి కాదు అను ఈ సంగతిని నివేదికలలో 'ఎదురైన ఇబ్బందులు' అను శీర్షిక క్రింద ఒక వాక్యములో తోసివేయుదురు. నిజమునకు నేటి పట్టణములనుగూర్చిన ముఖ్యసమాచారములలో అది యొకటి.

మరి ప్రశ్నావళి? కొత్త అంగళ్ళ సముదాయము వలన పాత పట్టణమునకు కలిగిన నష్టమును తెలిసికొనవలెనన్నచో ఎవరిని అడుగవలెను? ఇంగ్లండు నడిమి భాగములో రౌండ్ ఓక్ ఉక్కు కర్మాగారము 1982లో మూతపడగా ఆ ప్రాంతమున మెరీ హిల్ అను సముదాయము లేచినది. కొలది మైళ్ళ దూరముననున్న డడ్లీ పట్టణపు పెద్ద అంగళ్ళు కొన్ని అచ్చటికి తరలిపోయి, డడ్లీ బజారు వెలవెలబోయినది. మెరీ హిల్‌లో నిలిచి నూరుమందిని అడిగినచో అందరును బాగున్నదనియే చెప్పుదురు. బాగులేదనుకొన్నవారు అక్కడికి రారు గదా. కారు లేని వృద్ధురాలు, డడ్లీలో ఉన్న ఒక్క బట్టలకొట్టును మూతపడగా ఏమి చేయుచున్నదో ఆమె ఇంటి తలుపు తట్టినగాని తెలియదు. వచ్చినవారినే అడుగు ప్రశ్నావళి, రానివారిని లేనివారిగా చేయును. ఊరిలోని అంగడినిగూర్చిన ప్రశ్నకు జవాబు సగము అంగడి వెలుపలనే ఉండును.

వీథి బాగోగులకు మార్కులు వేయు పద్ధతి ఒకటి కలదు. చెత్త, చప్పుడు, భవనముల తీరు, చెట్లు మొదలగు వానికి −3 మొదలు +3 వరకు అంకెలు వేసి మొత్తము కూడుదురు. ఒక వీథిలో చెత్తకు −3, చప్పుడుకు 0, భవనములకు +3 వచ్చినవి, మొత్తము సున్న. వేరొక వీథిలో అన్నిటికిని సున్నయే, మొత్తమును సున్నయే. ఒకటి చెత్తపేరుకొన్న రాజవీథి, రెండవది ఏ విశేషమును లేని సందు. ఈ రెండును సమానమని చెప్పు అంకెతో ఏమి ప్రయోజనము? దీనినిగూర్చి ఇంతకంటె వ్రాయనక్కరలేదు. కాని పర్యాటక స్థలములకు పోయినప్పుడు ఈ పద్ధతియే పెద్ద మోసము చేయును.

డర్బీషైర్‌లోని కాసిల్టన్ చిన్న గ్రామము, కాపురస్థులు కొన్నివందలే. 1951లో ఏర్పడిన పీక్ డిస్ట్రిక్ట్ జాతీయోద్యానములో, మామ్ టోర్ కొండ పాదమున ఉన్నది. సున్నపురాతి గుహలు, 'బ్లూ జాన్' అను నీలిచారల రాయి, పైని పాడుపడిన కోట చూచుటకు జనము వత్తురు. కొండ జారుచుండుటచే పాత రహదారిని 1979లో మూసివేసిరి. ఆ పగిలిన దారియే ఇప్పుడు చూడదగిన వింత. దగ్గరలోని హోప్ గ్రామమున 1929 నుండి సిమెంటు కర్మాగారమున్నది. గుహలు, జారు కొండ, కర్మాగారము, పర్యాటకులు అన్నియు ఒక్కచోట దొరకుటచే ఇది బడిపిల్లలకు పెట్టని పాఠశాల అయినది. బస్సులలో వచ్చి, కాలిబాటలు ఎంత వెడల్పున అరిగినవో టేపుతో కొలుతురు, కొట్లను లెక్కింతురు, దుకాణదారును పర్యాటకుల వలన కష్టమా, సుఖమా అని అడుగుదురు. ఆ బాటను అరగద్రొక్కినవారిలో తామును ఉన్నారనియు, ఆ దుకాణదారు ఈ ప్రశ్నను ఎన్ని బడుల పిల్లలకు జవాబు చెప్పి విసిగియుండునో అనియు వారి నివేదికలలో ఉండదు. కొలుచువాని చేయి కొలతను మార్చునని ప్రయోగశాలలో నేర్పుదురు. వీథిలోనికి వచ్చునప్పటికి మరతురు.

ఇక్కడి ప్రశ్నావళిలో దాగియున్న తప్పును ఉపాధ్యాయులు నల్లబల్లమీద వేసి చూపదగును. ఒక దినమున 400 మంది గంటసేపుండి పోవుదురనియు, 100 మంది నాలుగేసి గంటలు ఉందురనియు అనుకొందము. గంటవారు మొత్తముమీద 400 గంటలు వీథిలోనుందురు. నాలుగు గంటలవారును 400 గంటలే. కనుక ఏ క్షణమున చూచినను వీథిలో ఇరుపక్షములవారును సమానముగా కనబడుదురు. విద్యార్థి ఎదురైనవారిని అడిగి, వచ్చినవారిలో సగముమంది నాలుగు గంటలు ఉందురని వ్రాయును. సగటు రెండున్నర గంటలని తేల్చును. నిజమునకు వారు ఐదవవంతే. నిజమైన సగటు 800ను 500చే భాగించిన 1.6 గంట. అబద్ధము ఎవరును చెప్పలేదు, కూడికలో తప్పు లేదు. ఎక్కువసేపు ఉండువాడు ఎక్కువగా ఎదురగును, అంతే. తలకు ఎంత ఖర్చుపెట్టిరని అడిగిన లెక్కలోను ఈ దోషమే పొంచియుండును. దీనికి మందు ఊరినుండి వెడలిపోవు దారివద్ద నిలిచి, పోవువారిని వరుసగా అడుగుటయే.

పర్యాటక స్థలము పుట్టి, పెరిగి, పండి, వాడునని రిచర్డ్ బట్లర్ 1980లో ఒక వక్రరేఖ గీసెను. పర్యాటకులను మొదట ఉత్సాహముతో స్వాగతించిన ఊరివారు రానురాను విసుగు, ఆపై ద్వేషము పొందుదురని డాక్సీ అంతకు ఐదేండ్ల ముందు ఒక మెట్లవరుసను చెప్పెను. రెండును ఏండ్ల తరబడి జరుగు మార్పులు. ఒక్క మధ్యాహ్నము చూచి, ఈ ఊరు వక్రరేఖపై ఈ చుక్కవద్ద ఉన్నదనుట, రోగి ఒంటివేడిని ఒక్కసారి కొలిచి జ్వరము ఎక్కుచున్నదో దిగుచున్నదో చెప్పుట వంటిది.

అన్నిటికంటె లోతైన తప్పు కార్న్‌వాల్ తీరములోని సెయింట్ ఐవ్స్ వంటి ఊళ్ళలో బయటపడును. అక్కడి పాత బెస్తవారి ఇండ్లను దూరనగరములవారు సెలవుల కొరకు కొనిరి. మరికొన్నిటిని పర్యాటకులకు అద్దెకిచ్చుచున్నారు. ఇండ్లధరలు ఊరివారికి అందనంత పెరిగినవి. 2016లో ప్రజాభిప్రాయ సేకరణ జరుపగా, కొత్తగా కట్టు ఇండ్లను ఇక్కడనే నిలువుకాపురముండువారికి తప్ప ఇతరులకు అమ్మరాదను నియమమునకు ఓటువేసినవారిలో నూటికి ఎనుబదిమందికి పైగా ఒప్పుకొనిరి. పర్యాటకము ఒక ఊరికి చేయగల పెద్ద హాని అదియే గదా. అట్టి ఇండ్లున్న సందులోనికి మార్కుల కాగితముతో విద్యార్థి పోయినచో ఏమగును? గోడలకు కొత్త రంగు, కిటికీలలో పూలకుండీలు, చెత్త లేదు, చప్పుడు లేదు. అన్నిటికిని +3. ఏ సందున ఊరివారు ఒక్కరును మిగులలేదో ఆ సందుకే అత్యధికపు మార్కులు! జనవరి రాత్రి పోయి ఎన్ని కిటికీలలో దీపములున్నవో లెక్కించినచో తెలియు సంగతి ఇది. లేదా జనగణన పట్టికలు తిరగవేసినను, బడిలో పిల్లల సంఖ్య ఏటేట ఎట్లున్నదో అడిగినను తెలియును. కాని క్షేత్ర పరిశీలనము జరుగునది వేసవిలో, పట్టపగలు.

ఉపాధ్యాయుల పక్షమున చెప్పవలసినది లేకపోలేదు. ముప్పదిమంది పిల్లలు, ఒక బస్సు, ఒక దినము, తలిదండ్రుల అనుమతులు, ఊరివారి సహనము. వీటి నడుమ జనవరి రాత్రి దీపములు లెక్కించుట చెప్పినంత సులభము కాదు. పదిమందిలో ఒకడు తెచ్చిన కొత్తసంగతికంటె పదిమందియు తెచ్చిన పాతసంగతికే మార్కులు నిశ్చయముగా వచ్చునపుడు, ఆ దారినే నడిపించు ఉపాధ్యాయుని తప్పుపట్టలేము. పైతరగతివారికి సొంత ప్రశ్నను ఎన్నుకొను స్వేచ్ఛ ఇచ్చుట మంచిపని. అయినను ఆ స్వేచ్ఛతో బర్జెస్ వలయములనే మరల ఎన్నుకొనువారు చాలమంది ఉందురు. అలవాటైన దారి ఎవరికైనను నున్నగానే ఉండును.

ఈ కాగితములు తెలుగుదేశపు బడులకు వచ్చినచో ఒక సంగతి వెంటనే అడ్డువచ్చును. వీటన్నిటిలోను అంగడి అనగా గోడలు, తలుపు, పేరుపలక ఉన్న స్థిరమైన కొట్టు. కోస్తాలో సంత అని, తెలంగాణలో అంగడి అని పిలుచు వారపు బజారుకు గోడలు లేవు. సోమవారము ఒక ఊర, మంగళవారము మరియొక ఊర. అదే ఎండుచేపల గంప, అవే గాజులపెట్టెలు ఊరూరు తిరుగును. కొనువారు దూరము నడువలేనిచోట అంగడియే వారివద్దకు నడచివచ్చును. చైనాలోని సిచువాన్ గ్రామములలో ఇట్టి సంతల వరుసలను విలియం స్కిన్నర్ పరిశీలించి 1964, 1965లలో ప్రకటించిన వ్యాసములు ఈ విషయమున నేటికిని ప్రమాణములు. మంగళవారము పోయిన విద్యార్థికి అచ్చట పెద్ద వ్యాపారకేంద్రము కనబడును. బుధవారము పోయినవానికి రెండు మేకలు, ఒక చింతచెట్టు. కనుక సంతను చూడబోవు తరగతికి బ్రిటిష్ కాగితములోని నిలువుగడులు పనికిరావు. అమ్మువాడు నిన్న ఎక్కడ ఉన్నాడు, రేపు ఎక్కడికి పోవును అను రెండు గడులు కావలెను. వాటికి జవాబులు ఏ పాఠ్యపుస్తకములోను అచ్చుకాలేదు. ఆ గంపవద్ద కూర్చున్నవారికే తెలియును. నలుబదిమంది అమ్మకందార్లను ఈ రెండు ప్రశ్నలు అడిగి వచ్చినచో, చుట్టుపట్ల సంతలన్నిటిని కలుపు పటము ఒకటి బల్లమీద తయారగును.

తిరిగి ఇంగ్లండు వీథులకు వచ్చినచో, మిగిలిన కొరత ఒకటి. మార్కులు వేసిన పిదప ఈ కాగితములన్నియు ఏమగును? బడి మారదు, బజారు మారదు, ఏటేట అదే మూలన అదే జత నిలుచును. కాని నిరుటి లెక్క ఈ యేటి విద్యార్థికి సాధారణముగా అందదు. ప్రతి తరగతియు ఆ ఊరిని తానే మొదటిసారి చూచుచున్నట్లు మొదలుపెట్టును. 2008 డిసెంబరుకును 2009 జనవరికిని నడుమ వుల్‌వర్త్ అంగళ్ళు దేశమంతటను మూతపడినవి. ఒక్కొక్క బజారులో అది జనమును లాగు పెద్దకొట్టు. 2016లో బి.హెచ్.ఎస్., 2021లో డెబెనమ్స్ అదే దారి పట్టినవి. పెద్దకొట్టు మూతపడిన తరువాత దాని ప్రక్కనున్న మిఠాయి దుకాణము ముందు నడచువారు ఎందరు తగ్గిరి, ఎన్నేండ్లకు కోలుకొనిరి అను ప్రశ్నకు బట్లర్ రేఖయు, రైలీ సూత్రమును జవాబు చెప్పలేవు. 2007 వేసవిలో ఆ కొట్టు ఎదుట నిలిచి ఎవరో ఇద్దరు పిల్లలు పది నిమిషములు గీసిన ఐదేసి గీతల కట్టలు చెప్పగలవు. స్టాంప్ పిల్లలు రంగులు వేసిన పటములు ఇంకను దొరకుచున్నవి. ఈ గీతలు ఆ యేటి మార్కులతోనే చెత్తబుట్టకు పోయినవి.